ఐదు ఊళ్లు, ఒక్క టైటిల్: శాక్రమెంటో కింగ్స్ సీజన్లపై పాఠకుల ప్రశ్నలు

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఏదైనా ఒక జట్టు చరిత్రను సీజన్ల వారీగా చెప్పమని కొంతకాలంగా పాఠకులు అడుగుతున్నారు. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కాలిఫోర్నియాకు చెందిన శాక్రమెంటో కింగ్స్ గురించే ఉండడంతో ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ జట్టుకే కేటాయించాం.

ప్రశ్న: కింగ్స్ సీజన్ల పట్టిక 1945లో రాచెస్టర్ రాయల్స్ పేరుతో మొదలవుతోంది. ఆ తర్వాత సిన్సినాటి, కాన్సస్ సిటీ, ఒమాహా పేర్లు వస్తున్నాయి. ఊరూ పేరూ రెండూ మారిపోయాక కూడా దాన్ని ఒకే జట్టుగా ఎలా లెక్కిస్తారు?
— ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: అమెరికా లీగుల్లో లెక్క ఊరిని బట్టి కాదు, ఫ్రాంచైజీని బట్టి నడుస్తుంది. లీగులో ఆడే హక్కు యజమానిది; మిగతా జట్ల యజమానులు సమ్మతిస్తే ఆయన దాన్ని మరో ఊరికి తరలించుకోవచ్చు. ఆటగాళ్ల ఒప్పందాలు, డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) హక్కులు, పాత రికార్డులు అన్నీ దానితో పాటే తరలిపోతాయి. దీనికి పూర్తిగా తిరగేసిన ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్ ఫ్రాంచైజీని 2012లో రద్దు చేశారు. తర్వాత అదే ఊరికి వచ్చిన సన్‌రైజర్స్ కొత్త ఫ్రాంచైజీ కాబట్టి ఆ 2009 టైటిల్ వారి ఖాతాలోకి రాదు. హైదరాబాద్ విషయంలో ఊరు ఒకటైతే ఫ్రాంచైజీలు రెండు. కింగ్స్ విషయంలో ఫ్రాంచైజీ ఒకటైతే ఊళ్లు ఐదు.

న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో ఉన్న జట్టు 1957లో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటికి మారింది. 1972లో కాన్సస్ సిటీకి వెళ్లినప్పుడు అక్కడ రాయల్స్ అనే బేస్‌బాల్ జట్టు అప్పటికే ఉండడంతో పేరును కింగ్స్‌గా మార్చుకుంది. మొదటి మూడు సీజన్ల పాటు సొంత మ్యాచ్‌లను కాన్సస్ సిటీ, ఒమాహాల మధ్య పంచుకుని, 1975లో ఒమాహాను పేరులోంచి తీసేసింది. 1985 నుంచి శాక్రమెంటోలో ఉంటోంది. పాత ఆటగాళ్ల గౌరవార్థం ఇకపై ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టిన జెర్సీ నంబర్లను చూసినా ఈ కొనసాగింపు తెలుస్తుంది: రాచెస్టర్ కాలపు బాబ్ డేవిస్ 11, సిన్సినాటి కాలపు ఆస్కార్ రాబర్ట్‌సన్ 14, కాన్సస్ సిటీ కాలపు నేట్ ఆర్చిబాల్డ్ 1 నంబర్లు శాక్రమెంటోలోనే వేలాడుతున్నాయి. ఆ ముగ్గురిలో ఒక్కరూ శాక్రమెంటో తరఫున ఆడలేదన్నది వేరే సంగతి.

ప్రశ్న: ఇన్ని దశాబ్దాల్లో ఈ జట్టు గెలిచిన ఎన్‌బీఏ టైటిల్ 1951 నాటిది ఒక్కటేనని చదివాను. ఆ సీజన్ ఎలా సాగింది? అప్పటి ఆట ఇప్పటి ఆటలాగే ఉండేదా?
— విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, విజయవాడ

జవాబు: ఒక్కటే అన్నది నిజం. అసలు ఈ జట్టు ఫైనల్ ఆడిందే ఆ ఒక్కసారి. అయితే ఎన్‌బీఏ పుట్టకముందు, 1945-46లో, నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో చేరిన తొలి సీజన్‌లోనే రాచెస్టర్ ఆ లీగు విజేతగా నిలిచింది. యజమాని లెస్ హారిసన్; 1951 టైటిల్ నాటి కోచ్ కూడా ఆయనే. 1948లో మినియాపొలిస్ లేకర్స్‌తో పాటు ఇంకో లీగుకు మారడం, మరుసటి ఏడాది రెండు లీగులూ కలిసి ఎన్‌బీఏగా ఏర్పడడం జరిగాయి. 1948-49లో 45 గెలుపులు, 15 ఓటములు. 1949-50లో 51 గెలుపులు, 17 ఓటములు. ఇంత బాగా ఆడినా ఆ రెండేళ్లూ టైటిల్ లేకర్స్‌కే దక్కింది. జార్జ్ మైకన్ అనే ఆరడుగుల పది అంగుళాల సెంటర్ ఆటగాడు గాయాల్లేకుండా ఆడినంతకాలం ఆ జట్టును దాటడం ఎవరి తరమూ కాలేదు.

1950-51లో రాచెస్టర్ లెక్క 41 గెలుపులు, 27 ఓటములు మాత్రమే; అంతకుముందు రెండు సీజన్ల కంటే తక్కువ. ప్లేఆఫ్స్‌లో (లీగ్ దశ తర్వాత టైటిల్ కోసం జరిగే నాకౌట్ సిరీస్‌లు) లేకర్స్ ఎదురైనప్పుడు మైకన్ చీలమండ గాయంతోనే ఆడాడు, రాచెస్టర్ ఆ సిరీస్‌ను 3-1తో గెలిచింది. ఫైనల్లో న్యూయార్క్ నిక్స్‌పై మొదటి మూడు మ్యాచ్‌లూ గెలిచి, తర్వాతి మూడూ ఓడింది. ఎన్‌బీఏ ఫైనల్స్‌లో 0-3తో వెనుకబడిన జట్టు ఏడో మ్యాచ్ దాకా లాక్కొచ్చింది ఇప్పటికీ అదొక్కసారే. ఏప్రిల్ 21న జరిగిన ఏడో మ్యాచ్‌లో చివరికి 75-75తో సమానంగా ఉన్నప్పుడు బాబ్ డేవిస్ రెండు ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు బదులుగా ఇచ్చే షాట్లు) వేసి ఆధిక్యం ఇచ్చాడు. 79-75తో టైటిల్ వచ్చింది. ఆర్నీ రైజెన్, బాబీ వాంజర్ ఆ జట్టులోని మిగతా ముఖ్యులు. బెంచీ మీద ఉన్న రెడ్ హోల్జ్‌మన్ తర్వాతి రోజుల్లో నిక్స్‌కే కోచ్‌గా వెళ్లి 1970, 1973 టైటిళ్లు గెలిపించాడు.

ఇక ఆట తీరు గురించి. మీరు వ్యాయామ ఉపాధ్యాయులు కనుక ఒక మ్యాచ్ చెబితే చాలు. అదే సీజన్‌లో 1951 జనవరి 6న రాచెస్టర్‌లో ఇండియానపొలిస్ ఒలింపియన్స్‌తో జరిగిన మ్యాచ్ ఆరు ఓవర్‌టైమ్‌ల దాకా సాగింది. ఎన్‌బీఏలో అంతకంటే పొడవైన మ్యాచ్ ఇంతవరకూ లేదు. అంత సేపు ఆడి కూడా స్కోరు 75-73 మాత్రమే, గెలిచింది ఒలింపియన్స్. బంతి దొరికిన జట్టు ఐదు నిమిషాల పాటు దాన్ని అట్టేపెట్టుకుని, ఆఖర్లో ఒక్క షాట్ వేసేది. ఆరు ఓవర్‌టైమ్‌లలో రెండింటిలో ఒక్క పాయింటు కూడా రాలేదు, చూస్తున్న జనం విసుగెత్తి గోల చేశారు. ఇలాంటి ఆటను ఆపడానికే 1954-55 నుంచి 24 సెకన్ల గడువు తెచ్చారు. నెమ్మదిగా బంతి నడిపే వయసు మళ్లిన రాచెస్టర్ జట్టుకు ఆ గడువు ఏమాత్రం కలిసి రాలేదు.

ప్రశ్న: ఆస్కార్ రాబర్ట్‌సన్ 1961-62 సీజన్ మొత్తంలో సగటున ట్రిపుల్ డబుల్ సాధించాడంటారు. అంతటి ఆటగాడు పదేళ్లు ఉన్నా సిన్సినాటి ఒక్కసారి కూడా ఫైనల్‌కు ఎందుకు చేరలేదు?
— బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఆ అంకెలు చూడండి: మ్యాచ్‌కు 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు (గురి తప్పిన షాట్ల బంతిని పట్టడం), 11.4 అసిస్ట్‌లు (సహచరుడు పాయింట్లు చేసేలా బంతి అందించడం). ఒక సీజన్ సగటులో ఈ మూడూ రెండంకెలకు చేరడం, అంటే ట్రిపుల్ డబుల్, మళ్లీ 2016-17లో రస్సెల్ వెస్ట్‌బ్రూక్ వచ్చేదాకా జరగలేదు. ఆ సీజన్‌లో సిన్సినాటి 43 గెలిచి 37 ఓడి, ప్లేఆఫ్స్ తొలి రౌండ్లోనే డెట్రాయిట్ చేతిలో 1-3తో ఇంటిముఖం పట్టింది. మీ ప్రశ్నకు జవాబు మాత్రం రాబర్ట్‌సన్ రాకముందు, 1956 నుంచి 1958 మధ్య ఉంది.

1955లో మారిస్ స్టోక్స్, జాక్ ట్వైమన్ ఇద్దరూ ఒకే డ్రాఫ్ట్‌లో జట్టులోకి వచ్చారు. స్టోక్స్ ఆరడుగుల ఏడంగుళాల మనిషి. రీబౌండ్లు పట్టడంలో ఎంత దిట్టో, సహచరులకు బంతి అందించడంలోనూ అంతే దిట్ట. తొలి ఏడాదే ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు అందుకున్నాడు. 1956 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక అవకాశం రాచెస్టర్‌దే అయినా, బిల్ రస్సెల్‌ను వదిలి సై గ్రీన్‌ను తీసుకుంది. సెంట్ లూయిస్ హాక్స్ తీసుకున్న రస్సెల్‌ను బోస్టన్ సెల్టిక్స్ వెంటనే సంపాదించుకుంది. ఆయన అక్కడ పదమూడు సీజన్లలో పదకొండు టైటిళ్లు గెలిచాడు. స్టోక్స్ పక్కన రస్సెల్ ఉండి ఉంటే అన్న ఊహ ఇప్పటికీ ఈ జట్టు అభిమానులను వదలలేదు.

1958 మార్చి 12న, సిన్సినాటిలో తొలి సీజన్ ఆఖరి లీగ్ మ్యాచ్‌లో, మినియాపొలిస్‌లో స్టోక్స్ కిందపడి తల నేలకు బలంగా తగిలింది. స్పృహ తప్పినా కాసేపటికి లేచి మళ్లీ ఆటలోకి దిగాడు. మూడు రోజుల తర్వాత డెట్రాయిట్‌లో ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆడాడు. తిరుగు విమానంలో మూర్ఛ వచ్చి కోమాలోకి వెళ్లాడు. తేరుకున్నాక ఒళ్లంతా పక్షవాతమే. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు. వైద్యానికయ్యే ఖర్చు భరించే స్థితిలో కుటుంబం లేదు. అప్పుడు సహ ఆటగాడు ట్వైమన్ కోర్టు ద్వారా ఆయనకు చట్టబద్ధ సంరక్షకుడయ్యాడు, కార్మిక పరిహారం కోసం పోరాడి తెచ్చాడు, ఏటా వేసవిలో ఎన్‌బీఏ ఆటగాళ్లతో సహాయార్థ మ్యాచ్ ఏర్పాటు చేశాడు. 1970 ఏప్రిల్‌లో స్టోక్స్ చనిపోయేదాకా ఆ బాధ్యత మోశాడు. నల్లజాతి ఆటగాడికి తెల్లజాతి సహచరుడు ఇలా అండగా నిలవడం ఆనాటి అమెరికాలో మామూలు విషయం కాదు. వారిద్దరి పేర్లు కలిపి 2012-13 నుంచి ఎన్‌బీఏ ఉత్తమ సహచరుడి అవార్డు ఇస్తోంది.

స్టోక్స్ లేని సిన్సినాటి 1958-59లో 19 గెలిచి 53 ఓడింది, 1959-60లో 19 గెలిచి 56 ఓడింది. ఆ రెండో ఏడాది ట్వైమన్ మ్యాచ్‌కు 31.2 పాయింట్లు కొట్టినా జట్టు అడుగునే ఉంది. 1960లో రాబర్ట్‌సన్ వచ్చాకే మళ్లీ లేచింది. కానీ 1962-63 నుంచి దాన్ని తూర్పు డివిజన్‌లోకి మార్చారు. అంటే ఫైనల్‌కు వెళ్లాలంటే ముందు రస్సెల్ ఉన్న బోస్టన్‌ను ఓడించాలి. ఆ ఏడాదే బోస్టన్‌ను ఏడో మ్యాచ్ దాకా నెట్టింది; ఏడో మ్యాచ్‌లో రాబర్ట్‌సన్ 43 పాయింట్లు కొడితే, అవతల శామ్ జోన్స్ 47 కొట్టాడు. 1963-64లో జెర్రీ లూకస్ చేరాక 55 గెలుపులు, 25 ఓటములతో సిన్సినాటి తన చరిత్రలోనే మంచి సీజన్ ఆడింది, రాబర్ట్‌సన్ లీగు ఉత్తమ ఆటగాడయ్యాడు. మళ్లీ బోస్టనే 4-1తో అడ్డుకుంది. 1965, 1967లలో విల్ట్ చాంబర్లిన్ ఉన్న ఫిలడెల్ఫియా, 1966లో మళ్లీ బోస్టన్. ఇంతటి ప్రత్యర్థుల మధ్య రాబర్ట్‌సన్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. తప్పుపట్టాల్సింది ఆయనకు తోడుగా లూకస్ తర్వాత మరో పెద్ద ఆటగాణ్ని తేలేకపోయిన యాజమాన్యాన్ని. 1970లో ఆయన్ను మిల్వాకీకి పంపించేశారు. 1971లో మిల్వాకీ టైటిల్ గెలిచింది.

ప్రశ్న: 1980-81 వరుసలో కాన్సస్ సిటీకి 40 గెలుపులు, 42 ఓటములు అని ఉండి, పక్కనే కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడినట్టు ఉంది. ఇది అచ్చుతప్పా?
— డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: అచ్చుతప్పు కాదు. ఆ ఏడాది పశ్చిమ కాన్ఫరెన్స్ ఫైనల్లో (లీగులోని పశ్చిమ సగపు జట్ల తుది సిరీస్) కాన్సస్ సిటీని 4-1తో ఓడించిన హ్యూస్టన్ రాకెట్స్ కూడా సరిగ్గా 40 గెలిచి 42 ఓడిన జట్టే. కాన్సస్ సిటీ కాలంలో గుర్తుంచుకోదగిన సీజన్లు ఇంకో రెండున్నాయి. 1972-73లో నేట్ ఆర్చిబాల్డ్ ఒకే సీజన్‌లో పాయింట్లలోనూ (34.0), అసిస్ట్‌లలోనూ (11.4) లీగులో మొదటి స్థానంలో నిలిచాడు, అయినా జట్టు 36 గెలిచి 46 ఓడింది. 1978-79లో 48 గెలుపులతో డివిజన్ టైటిల్ వచ్చింది. ఆ సీజన్ ముగిసిన కొద్ది వారాలకే, 1979 జూన్ 4న, గాలివానకు సొంత మైదానం కెంపర్ అరీనా పైకప్పు కూలింది. లోపల ప్రేక్షకులు లేని రోజు కావడం అదృష్టం.

ప్రశ్న: మేము శాక్రమెంటో పక్కనే ఫోల్సమ్‌లో ఉంటాం. ఇక్కడి పాతకాపులు 2002 పేరెత్తితే చాలు, రిఫరీలు తమ టైటిల్‌ను దోచుకున్నారంటారు. అది అభిమానుల ఆక్రోశమా, నిజమా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఫోల్సమ్, కాలిఫోర్నియా

జవాబు: రెండూ కొంత కొంత. ముందు నేపథ్యం చెప్పాలి. శాక్రమెంటో తొలి పదమూడేళ్లు దాదాపు వృథా. 1990-91లో బయటి ఊళ్లలో ఆడిన 41 మ్యాచ్‌లలో 40 ఓడిన జట్టది. అయినా సొంత ఊరి జనం ఆవుమెడ గంటలు మోగిస్తూ అరీనా నింపారు. 1998లో క్రిస్ వెబర్, వ్లాడే దివాచ్, జేసన్ విలియమ్స్, పెజా స్టొయకోవిచ్ ఒకేసారి జట్టుకు రావడం, రిక్ అడెల్మన్ కోచ్ కావడంతో కథ మారింది. వరుసగా ఎనిమిది సీజన్లు ప్లేఆఫ్స్ ఆడింది. 2001లో విలియమ్స్‌ను ఇచ్చి నిలకడైన మైక్ బిబీని తెచ్చుకున్నాక, 2001-02లో 61 గెలుపులు, 21 ఓటములతో మొత్తం లీగులోనే మొదటి స్థానంలో నిలిచింది.

పశ్చిమ కాన్ఫరెన్స్ ఫైనల్లో లాస్ ఏంజెలెస్ లేకర్స్‌పై 2-1 ఆధిక్యంలో ఉండగా నాలుగో మ్యాచ్‌లో ఒక దశలో 24 పాయింట్ల ముందంజ కూడా సంపాదించింది. ఆఖరి క్షణంలో కింగ్స్ 99-97తో ముందుంది. కోబీ బ్రయంట్ షాట్ పోయింది, షకీల్ ఓనీల్ తిరిగి వేసింది కూడా పోయింది. బంతిని ప్రమాదం లేని చోటికి నెట్టాలని దివాచ్ చేత్తో బయటికి తోశాడు. అది నేరుగా మూడు పాయింట్ల గీత దగ్గర నిల్చున్న రాబర్ట్ హోరీ చేతిలో పడింది. అతని షాట్‌తో లేకర్స్ 100-99తో గెలిచింది, సిరీస్ 2-2. ఐదో మ్యాచ్‌ను బిబీ ఆఖరి షాట్‌తో 92-91గా గెలిపించాడు.

మీ పాతకాపులు చెప్పేది ఆరో మ్యాచ్ గురించి. నాలుగో క్వార్టర్ ఒక్కదానిలోనే లేకర్స్‌కు 27 ఫ్రీ త్రోలు వచ్చాయి. 106-102తో వాళ్లు గెలిచారు. బ్రయంట్ మోచేయి తగిలి బిబీ ముక్కు వెంట రక్తం కారినా ఫౌల్ ఇవ్వలేదు. పందేల కేసులో దొరికిన మాజీ రిఫరీ టిమ్ డొనాగీ తరఫున 2008లో కోర్టుకు సమర్పించిన పత్రంలో, 2002 నాటి ఒక సిరీస్ ఏడో మ్యాచ్ దాకా సాగేలా ఆరో మ్యాచ్‌ను ఇద్దరు రిఫరీలు ఒక పక్షానికి మొగ్గి నడిపించారన్న ఆరోపణ ఉంది. ఆ వివరాలు ఈ మ్యాచ్‌కే సరిపోతాయి. లీగు దాన్ని ఖండించింది, ఆరోపణ రుజువు కాలేదు. మా అభిప్రాయంలో ఆ క్వార్టర్‌లో రిఫరీల తీర్పులు నాసిరకంగా ఉన్నాయనడంలో సందేహం లేదు. కుట్ర అనడానికి మాత్రం ఆధారం చాలదు. పైగా ఏడో మ్యాచ్ జరిగింది శాక్రమెంటోలో. ఎవరి అడ్డూ లేకుండా వేసే ఫ్రీ త్రోలు 30 వస్తే కింగ్స్ వేసింది 16. మూడు పాయింట్ల షాట్లు 20 ప్రయత్నిస్తే పడినవి రెండు. ఓవర్‌టైమ్‌లో 112-106తో ఓడింది. ఆ పదహారుకు ఇంకో రెండు కలిసి ఉంటే ఓవర్‌టైమ్ అవసరమే వచ్చేది కాదు.

మరుసటి ఏడాది 59 గెలుపులతో ఇంకో మంచి అవకాశం వచ్చింది. డాలస్‌తో రెండో మ్యాచ్‌లో వెబర్ మోకాలు దెబ్బతినడంతో ఆ సిరీస్ 4-3తో పోయింది. ఆయన మళ్లీ పాత వెబర్ కాలేదు.

ప్రశ్న: ప్రస్తుత యజమాని భారతీయుడని విన్నాను. ఆయన వచ్చాక జట్టు బాగుపడిందా? మన దేశంతో ఈ జట్టుకు ఉన్న సంబంధం ఏమిటి?
— బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు, గుంటూరు

జవాబు: వివేక్ రణదివే ముంబైలో పుట్టి, అమెరికాలో టిబ్కో అనే సాఫ్ట్‌వేర్ సంస్థను స్థాపించిన వ్యాపారి. 2013లో పాత యజమానులు జట్టును సియాటిల్ వారికి అమ్మడానికి సిద్ధపడ్డారు. మాజీ ఎన్‌బీఏ ఆటగాడు, అప్పటి శాక్రమెంటో మేయర్ కెవిన్ జాన్సన్ స్థానిక కొనుగోలుదారులను కూడగట్టాడు. లీగు యజమానులు 22-8 ఓట్లతో తరలింపును తిరస్కరించాక రణదివే బృందం కొనుక్కుంది. ఆరో ఊరి పేరు ఈ పట్టికలోకి ఎక్కకుండా ఆపిన ఘనత ఆ ఇద్దరిదీ. నగరం నడిబొడ్డున గోల్డెన్ 1 సెంటర్ 2016లో ప్రారంభమైంది.

ఆటలో మాత్రం బాగుపడడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 2006-07 నుంచి 2021-22 దాకా వరుసగా పదహారు సీజన్లు ప్లేఆఫ్స్‌కు చేరకపోవడం ఎన్‌బీఏ చరిత్రలోనే రికార్డు. 2008-09లో 17 గెలిచి 65 ఓడింది. రణదివే హయాంలో కోచ్‌లను వరుసపెట్టి మార్చారు. 2018 డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక చేతిలో ఉండగా తర్వాత మేటి ఆటగాడిగా ఎదిగిన లూకా డాంచిచ్‌ను వదిలి మార్విన్ బాగ్లీని తీసుకున్నారు. 1956 నాటి పొరపాటును ఈ వరుస చూసినవారెవరైనా తలచుకుంటారు. 2022 ఫిబ్రవరిలో యువ ఆటగాడు టైరీస్ హాలిబర్టన్‌ను ఇండియానాకు ఇచ్చి దొమాంతాస్ సబోనిస్‌ను తెచ్చినప్పుడు అందరూ నవ్వారు. మరుసటి సీజన్‌లో కొత్త కోచ్ మైక్ బ్రౌన్ కింద జట్టు 48 గెలిచి 34 ఓడి కరువు తీర్చింది. గెలిచిన ప్రతిసారీ అరీనా పైనుంచి ఆకాశంలోకి ఊదారంగు కాంతిపుంజం వదలడం అప్పుడు మొదలైంది. ప్లేఆఫ్స్ తొలి రౌండ్ ఏడో మ్యాచ్‌లో ప్రత్యర్థి గోల్డెన్ స్టేట్ ఆటగాడు స్టెఫెన్ కర్రీ 50 పాయింట్లు కొట్టి ఆ ముచ్చటను ముగించాడు. 2023-24లో 46 గెలిచినా ప్లే-ఇన్‌తోనే (ప్లేఆఫ్స్ అర్హత కోసం ఆడే మ్యాచ్‌లు) సరి. 2024 డిసెంబర్‌లో బ్రౌన్‌ను తొలగించి, 2002 జట్టులో ఆడిన డగ్ క్రిస్టీకి పగ్గాలిచ్చారు. 2025 ఫిబ్రవరిలో డీఆరన్ ఫాక్స్‌ను శాన్ ఆంటోనియోకు పంపారు. ఆ సీజన్ 40-42తో, ప్లే-ఇన్‌లో డాలస్ చేతిలో ఓటమితో ముగిసింది. కాబట్టి యజమానిగా రణదివేకు ఊరిని నిలబెట్టినందుకు మంచి మార్కులు, జట్టును నడిపినందుకు అత్తెసరు మార్కులు వేయాలి.

మన దేశంతో సంబంధం రెండు సందర్భాల్లో కనిపిస్తుంది. పంజాబీ మూలాలున్న కెనడా యువకుడు సిమ్ భుల్లర్ 2015 ఏప్రిల్‌లో కింగ్స్ తరఫున దిగి, ఎన్‌బీఏలో ఆడిన తొలి భారత సంతతి ఆటగాడయ్యాడు. ఏడడుగుల ఐదంగుళాల ఆ మనిషి ఆడింది మూడు మ్యాచ్‌లే. తర్వాత 2019 అక్టోబర్ 4, 5 తేదీల్లో ముంబైలోని ఎన్‌ఎస్‌సీఐ డోమ్‌లో కింగ్స్, ఇండియానా పేసర్స్ రెండు సన్నాహక మ్యాచ్‌లు ఆడాయి; భారత గడ్డపై ఎన్‌బీఏ జట్లు తలపడడం అదే మొదలు. తొలి మ్యాచ్‌ను పేసర్స్ ఓవర్‌టైమ్‌లో 132-131తో గెలిచింది, రెండోదీ పేసర్స్‌దే. అవి సన్నాహక మ్యాచ్‌లు కనుక మీరు చూసే సీజన్ల పట్టికలోని గెలుపోటముల్లో కలవవు.